విజయనగరం శివారులో పాత ఇల్లు కొనేముందు మెట్లు లెక్కపెట్టండి

మీరు అడిగింది ఇదీ. విశాఖలో ఉద్యోగం, అమ్మానాన్న చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉంటున్నారు, ఇద్దరికీ 70 దగ్గరపడుతోంది. వాళ్ళని విజయనగరం తీసుకొచ్చి పెడదామని టౌను చివర ఓ కాలనీలో 14 ఏళ్ళ నాటి డాబా ఇల్లు చూశారు. పడమర ముఖం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, అంటే 200 గజాలు, మన లెక్కలో 4 సెంట్లకి కాస్త పైన. కింద మూడు గదులు, పైన చిన్న పోర్షను, కొత్తగా రంగులు వేశారు. బ్రోకరు ఈ మంగళవారం లోపు అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. నాన్నగారికి నచ్చింది, మీ ఆవిడకి దూరమనిపించింది. కొనొచ్చా?

నేను 28 ఏళ్ళు ఇళ్ళ పనులు చేయించాను. విజయనగరం, నెల్లిమర్ల, గజపతినగరం వైపు చాలా ఇళ్ళకి ముగ్గు పోయించిన దగ్గర్నుంచి గృహప్రవేశం దాకా ఉన్నాను. 2003 నుంచి మీరు చూసిన లాంటి కాలనీలోనే సొంతిల్లు. ధర గురించి ఇప్పుడే ఏమీ చెప్పను, మీరు పంపిన ఫొటోలు మాత్రమే చూసి చెప్పడం నా వల్ల కాదు. నేను ఏ ఇల్లు చూడ్డానికి వెళ్ళినా రెండే చూస్తాను, నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి. వాన నీళ్ళు, బోరు నీళ్ళు, బాత్రూము నీళ్ళు అన్నీ. మిగతావన్నీ డబ్బుతో బాగవుతాయి. గచ్చు మార్చుకోవచ్చు, కిచెన్ పగలగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు. వీధి వాలు మాత్రం మీరు మార్చలేరు.

ఇది నాకు నెత్తిన మొట్టికాయ పడ్డాక తెలిసింది. పదిమందికి ఇళ్ళు కట్టించిన నేనే, నా ఇల్లు ఏప్రిల్‌లో చూసి కొన్నాను. ఎండలు, నేల గట్టిగా ఉంది, వీధిలో గ్రావెల్ రోడ్డు, గేటు దగ్గర్నుంచి వరండాకి నాలుగు మెట్లు. బాగా ఎత్తు మీద కట్టాడనుకున్నాను. జూలైలో మొదటి గట్టి వాన పడ్డ రాత్రి తెలిసింది, మా వీధి మొత్తం ఒకప్పుడు చెరువు కింద పల్లపు పొలమని. నీళ్ళకి ఆ సంగతి ఇంకా గుర్తుంది, మనమే మర్చిపోయాం. అయినా నాలుగు మెట్లున్నాయి కదా, ఇంట్లోకి రాలేదు. తర్వాత సిమెంటు రోడ్డు వేశారు, సంతోషించాం, మిఠాయిలు కూడా పంచుకున్నాం. కొన్నేళ్ళకి ఆ రోడ్డు పాడైతే దాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర వేశారు. ఆ తర్వాత కాలువ పనికి తవ్వి మళ్ళీ ఇంకో పొర. వేసిన ప్రతిసారీ అరడుగు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 2003లో నాలుగు మెట్లు ఎక్కిన వాణ్ణి, ఇప్పుడు ఒకే మెట్టు ఎక్కుతున్నాను. మిగతా మూడూ రోడ్డు కింద ఉన్నాయి. గేటు తెరుచుకోక కింద రెండుసార్లు కోయించాను. చివరికి ఇల్లంతా గచ్చు తీయించి అడుగు మేర గ్రావెల్ నింపి కొత్త గచ్చు వేయించాను. 7 అడుగుల గుమ్మాలు 6 అడుగులయ్యాయి. మా మేనల్లుడు బాగా పొడగరి, సంక్రాంతికి వచ్చినప్పుడల్లా ఒకసారైనా నుదురు కొట్టుకుంటాడు.

అందుకే మీకు చెప్పే మొదటి పని, ఆ ఇంటి మెట్లు లెక్కపెట్టండి. పై మెట్టు నుంచి కిందకి చూడండి. ఆఖరి మెట్టు మిగతావాటికంటే పొట్టిగా ఉంటే, దానిలో సగం రోడ్డు మింగేసిందన్నమాట. గేటు కింద భాగం చూడండి, కోసి మళ్ళీ వెల్డింగు చేసిన గుర్తులు ఎంత రంగేసినా కనిపిస్తాయి. ఆ వీధిలో 20 ఏళ్ళ పైబడిన ఇల్లు ఏదైనా ఉంటే దాని గుమ్మం రోడ్డుకి ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా చూడండి. రాబోయే పదేళ్ళలో మీ ఇల్లు ఎలా ఉంటుందో ఆ ఇల్లు ఇప్పుడే చూపిస్తోంది. కాలువ ఉంటే అది ఎక్కడికి పోతోందో నడుచుకుంటూ వెళ్ళి చూడండి, ఫోనులో మ్యాపు కాదు, కాళ్ళతో. చాలా కాలనీల్లో కాలువ నాలుగు వీధులు తిరిగి ఓ ఖాళీ స్థలం దగ్గర ఆగిపోతుంది. ఆ ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు కట్టిన రోజున ఆ నీళ్ళన్నీ వెనక్కి, మీ వీధిలోకే.

రెండోది ఊరి వాళ్ళ మాటలు. లేఅవుటు వేసినాయన ఏదో నగర్ అనో, ఏదో ఎన్‌క్లేవ్ అనో పేరు పెడతాడు. దాని పక్కన కొట్టు పెట్టుకున్న ముసలాయన్ని పాత పేరు అడగండి. గెడ్డ (వాగు) అన్నాడా, బంద (చిన్న చెరువు) అన్నాడా, మదుము (చెరువు తూము) కింద అన్నాడా, అక్కడే ఆగండి. మెట్ట, అంటే ఎత్తు నేల అన్నాడంటే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. మన టౌనులోనే బాబామెట్ట ఉంది, పేరే చెబుతోంది కదా. చెరువులూ కోనేర్లూ చుట్టూ పెట్టుకుని పెరిగిన ఊరు మనది. పెద్దచెరువు, అయ్యకోనేరు అందరికీ తెలుసు, పేరు కూడా మిగలకుండా పూడిపోయిన బందల సంగతే ఎవరికీ తెలీదు.

కాగితాల్లో కూడా ఇదే వెతకాలి. అందరూ ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు చూసి, లాయరు బాగానే ఉందన్నాడు అని ఆగిపోతారు. ఈసీ అమ్మకాలు, తాకట్లు చెబుతుంది గానీ ఆ నేల ఏమిటో చెప్పదు. విజయనగరం సంస్థానం కింద ఉన్న ఊళ్ళు ఇవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక సెటిల్‌మెంటు జరిగింది. ఆ రోజుల నాటి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరులో మీ సర్వే నంబరు ఎదురుగా ఏమి రాసుందో చూడాలి. జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అని ఉంటే మంచిదే. గయాలు (బంజరు), పోరంబోకు, ఇనాం, దేవస్థానం, చెరువు గర్భం లాంటి మాట కనిపిస్తే, 14 ఏళ్ళుగా ఇల్లు ఉందిగా ఏమవుతుంది అనుకోకండి. 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషను నిషేధించిన భూముల జాబితాలో ఆ నంబరు ఉందేమో కూడా చూసుకోండి. అందులో ఉంటే రిజిస్ట్రేషనే ఆగిపోతుంది. దాంతోపాటు ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), ఊరి మ్యాపు తీసుకుని ఆ నంబరు పక్కనుంచి గెడ్డ గానీ గోర్జి గానీ గీసి ఉందేమో చూడండి. పల్లెలో పెరిగారు కాబట్టి గోర్జి అంటే మీకు తెలుసు, బళ్ళ దారి. వానాకాలం సగం గోర్జిలు వాగుల్లా పారతాయి. దాని మీద ప్రహరీ కట్టేస్తే నీళ్ళు ఆగవు, పక్కింటి ప్రహరీ పడగొట్టుకుని పోతాయి.

లేఅవుటుకి అప్రూవల్ ఉందా, ఎల్పీ (లేఅవుటు పర్మిట్) నంబరు ఉందా అడగండి. టౌను చుట్టుపక్కల పాత వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) రోజుల నుంచీ లెక్కలున్నాయి, 2018లో అదే వీఎంఆర్‌డీఏ అయింది. అనధికార లేఅవుటు అయితే అమ్మేవాడు ఎల్ఆర్ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ) ఫీజు కట్టాడా లేదా అడగండి, 2020లో ఒకసారి, 2025లో మళ్ళీ అవకాశం ఇచ్చారు, కట్టకపోతే ఆ డబ్బు ధరలో తగ్గించమనండి. ఇంటి ప్లాను కాగితం కూడా చూడండి, ముఖ్యంగా పై పోర్షను అందులో ఉందా, లేక తర్వాత అద్దెల కోసం ఎక్కించిందా అని. మీకు బ్యాంకు లోను కావాలంటే అదే మొదటి ప్రశ్న.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయానికి వద్దాం, కొంచెం ఓపిగ్గా చదవండి. మన దగ్గర ఎవరు ఇల్లు కట్టినా బోరు ఈశాన్యంలో వేస్తారు, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెడతారు. వాస్తు మీద నాకు పేచీ లేదు, నా ఇల్లు కూడా అలాగే ఉంది. కానీ మీ ఇల్లు పడమర ముఖం, మీ వీపు తూర్పు వైపు. మీ వెనక ఇంటాయన తూర్పు ముఖం, ఆయన వీపు మీ వైపు. మీ ఈశాన్యం మూల ఎక్కడుంది? వెనక గోడకి ఉత్తరం చివర. ఆయన వాయవ్యం మూల ఎక్కడుంది? అదే గోడకి అవతల, అదే చివర. కాగితం మీద గీసుకుని చూడండి. మీ బోరుకీ ఆయన సెప్టిక్ ట్యాంకుకీ మధ్య నాలుగు అంగుళాల ప్రహరీ తప్ప ఏమీ లేదు. మంచినీళ్ళ బోరుకీ సెప్టిక్ నీళ్ళు ఇంకే గుంతకీ కనీసం 15 మీటర్లు, అంటే సుమారు 50 అడుగులు దూరం ఉంచమంటారు. 60 అడుగుల లోతున్న స్థలంలో మన సొంత సెప్టిక్‌కే అంత దూరం దొరకదు, ఇక వెనక ఇంటిది ఎవరు చూస్తారు. రెండు ఇళ్ళ వాస్తూ నిక్షేపంగా ఉంటుంది, ఇంట్లో పిల్లలకి మాత్రం ఏడాదికి నాలుగుసార్లు విరేచనాలు.

ఇలాంటి కాలనీల్లో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేది చాలాసార్లు అడుగున సిమెంటు లేని గుంత, లోపల నాలుగు సిమెంటు ఒరలు. అది 14 ఏళ్ళుగా ఒక్కసారీ నిండలేదు అని ఓనరు గొప్పగా చెబితే సంతోషించకండి. నిండలేదంటే కిందకి ఇంకిపోతోంది, ఎవరి బోరులోకో. కాబట్టి బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి 400 వచ్చింది బాగుంది అనేస్తారు, ఆ మీటరుకి క్రిములు కనిపించవు. ల్యాబులో నైట్రేటు, ఫ్లోరైడు, గట్టిదనం, కోలిఫాం క్రిములు అని చెప్పి చేయించండి. నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఫ్లోరైడు 1.5 దాటకూడదు, 1 లోపు ఉంటే ఇంకా మంచిది. నైట్రేటు ఎక్కువుంటే, పక్కన ఎరువులు వేసే పొలాలు లేకపోతే, ఎక్కడి నుంచో మురుగు చేరుతోందని దాదాపు అర్థం. వానలు పడ్డాక తీసిన నీళ్ళు పరీక్షకిస్తే నిజం తెలుస్తుంది, వేసవిలో చాలా బోర్లు మంచివాళ్ళలాగే కనిపిస్తాయి.

ఒకవేళ చెడ్డగా వస్తే ఇల్లు వదిలేయాలని కాదు. తాగడానికి కుళాయి కనెక్షను ఉందా చూడండి, ఉంటే బోరు వాడకానికి మాత్రమే అనుకోవచ్చు. కొత్త బోరు వేయిస్తే ముందు వైపు వేయించి, కేసింగు పైపు చుట్టూ పైనుంచి కిందకి సిమెంటు నింపించండి. మన దగ్గర ఈ పని నూటికి ఒక్కరు కూడా చేయించరు, చుట్టూ మట్టి పోసి వదిలేస్తారు, పై మురికి ఆ సందులోంచే కిందకి దిగుతుంది. ఈశాన్యం కాకపోతే ఎలా అని ఇంట్లో అంటే, ఆ గోడ అవతల ఏముందో ఒకసారి చూపించండి.

ఇంటి లోపలి సంగతి తొందరగా చెప్పేస్తాను. అమ్మకానికి ముందు రంగులు వేసిన ఇల్లంటే నాకు అనుమానమే. గోడ కింద భాగం మూడు అడుగుల మేర అరచేయి ఆనించి చూడండి, చెమ్మ ఉంటే చల్లగా తెలుస్తుంది. బీరువా జరిపించి వెనక చూడండి, అక్కడ ఎవరూ రంగు వేయరు, ఉప్పు పొంగి ఉంటే అక్కడ దొరుకుతుంది. సన్‌షేడ్ల అడుగున, బాత్రూము స్లాబు అడుగున సిమెంటు పెచ్చులు ఊడి ఊచలు కనిపిస్తున్నాయా చూడండి. గుమ్మాలు, కిటికీల చెక్క కింద భాగంలో వేలితో కొట్టండి, డొల్ల శబ్దం వస్తే చెద. పగుళ్ళలో వెంట్రుక లాంటివి పట్టించుకోవద్దు. కిటికీ మూల నుంచి ఐమూలగా, మెట్లు మెట్లుగా పోయే పగులు, వేలి గోరు దూరేంతది ఉంటే అది పునాది మాట. పల్లపు పొలాల్లో నల్లరేగడి పొర ఉన్న చోట వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, పైన ఇల్లు దానితో పాటే ఊపిరి తీసుకుంటుంది. అలాంటిది కనిపిస్తే నాలాంటి వాణ్ణి కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరుని తీసుకెళ్ళండి.

పై పోర్షను స్లాబుదా, రేకులదా మీరు రాయలేదు. రేకులదైతే తుఫాను సంగతి ఆలోచించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా వీధిలో రెండిళ్ళ రేకులు ఎగిరి మూడో ఇంటి ట్యాంకు పగలగొట్టాయి. ఆ తర్వాత మాకు 6 రోజులు కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు లేదు, బోరు లేకపోతే కాలనీ మొత్తం బిందెలు పట్టుకుని రోడ్డు మీదే. వీధి చివర పాత నుయ్యి ఒకటుండేది, చెత్త వేస్తున్నారని పూడ్చేద్దామని అప్పటికి రెండేళ్ళుగా అనుకుంటున్నాం. ఆ వారం రోజులూ 40 ఇళ్ళకి అదే వాడకం నీళ్ళు ఇచ్చింది. ఇప్పుడు దాని మీద ఇనుప వల వేసి కాపాడుకుంటున్నాం. మీరు చూసిన చోట నుయ్యి గానీ చేతిపంపు గానీ ఉందేమో కనుక్కోండి. ఇంటి మీదకి వంగిన కొబ్బరి చెట్టు, ప్రహరీకి ఆనుకున్న ట్రాన్స్‌ఫార్మరు, డాబా మీదుగా పోయే తీగలు, ఈ మూడూ కూడా చూసుకోండి.

ఇక అమ్మానాన్న. మీరు అడగలేదు గానీ నాకు అసలు ప్రశ్న ఇదే అనిపించింది. పల్లెలో నాన్నగారికి పొద్దున్న లేస్తే అరుగు, దారిన పోయేవాళ్ళు, రామమందిరం, కళ్ళం. ఇక్కడ ఆయనకి దొరికేది కారు షెడ్డు, దానికి గ్రిల్లు, గ్రిల్లుకి తాళం. ఇల్లు చూడ్డానికి మీరు మధ్యాహ్నం వెళ్ళుంటారు, సెలవు రోజు. సాయంత్రం 5 గంటలకి ఒకసారి నాన్నగారితోనే వెళ్ళి ఆ వీధిలో ఆ చివర్నుంచి ఈ చివరకి నడవండి. ఆయన వయసు వాళ్ళు ఎవరైనా గుమ్మాల్లో కూర్చున్నారా, పలకరిస్తే ఏ ఊరండీ మీది అని తిరిగి అడిగారా. సగం ఇళ్ళు అద్దెకిచ్చి ఓనర్లు విశాఖలో ఉండే వీధులు చాలా ఉన్నాయి, అక్కడ ముసలివాళ్ళకి టీవీ తప్ప తోడు ఉండదు. పక్కన ఖాళీ ప్లాట్లు ఎన్నున్నాయో కూడా చూడండి, సర్కారు తుమ్మ పెరిగిపోయి ఉంటే పాములు, పందులు, రాత్రి బయటికి రావాలంటే టార్చి. మా కాలనీలో మొదటి అయిదేళ్ళూ అదే బతుకు.

మీ ఆవిడ దూరం అన్నారు, ఆవిడ మాట కొట్టేయకండి. మీకు దూరమా అన్నది కాదు, మీరు విశాఖ నుంచి రైల్లో గంటలో వచ్చేస్తారు. రాత్రి 10 గంటలకి అమ్మగారికి ఆయాసం వస్తే ఆటో వస్తుందా, మధ్యలో రైలు గేటు ఉందా, ఉంటే అది రాత్రిళ్ళు ఎంతసేపు పడి ఉంటుంది. మన స్టేషను హౌరా లైనూ రాయపూర్ లైనూ కలిసే జంక్షను, గూడ్సు బళ్ళకి పగలూ రాత్రీ ఉండదు. గేటు అవతల ఇల్లు ఎప్పుడూ కాస్త చవగ్గా వస్తుంది, ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. రాత్రి 9 దాటాక షేరు ఆటోలు ఆ వైపు వస్తాయో లేదో ఓసారి ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నిలబడి అడగండి.

భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి బ్రోకరు రేటు పెంచుతున్నాడని రాశారు. రేట్లు పెరగొచ్చు, కాదనను. కానీ మీరు అమ్మానాన్నని ఉంచడానికి కొంటున్నారు, అమ్ముకోవడానికి కాదు. వాళ్ళు ఉన్నంతకాలం ఆ పెరిగిన రేటు మీ చేతికి రాదు, వీధిలో నిలిచిన నీళ్ళు మాత్రం ప్రతి వానాకాలం గుమ్మం దాకా వస్తాయి. ఒక్క మాట ఒప్పుకుంటాను, పై పోర్షను ఉండటం మంచిదే. దసరా తర్వాతి మంగళవారం వచ్చే పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున మీ పల్లె నుంచి ఎంతమంది దిగుతారో మీకే తెలియాలి. మా ఇంట్లో ఆ మంగళవారం ముప్ఫై మందికి తక్కువ ఉండరు, డాబా మీద షామియానా వేసి పడుకోబెడతాం.

అడ్వాన్సు మంగళవారం ఇవ్వకండి. వేరే పార్టీ ఉంది అంటాడు, ప్రతి ఇంటికీ ఒక వేరే పార్టీ ఉంటుంది, నేను ఇన్నేళ్ళలో ఆ పార్టీని ఒక్కసారి కూడా చూడలేదు. గట్టి వాన పడ్డ మర్నాడు పొద్దున్నే వెళ్ళండి, బ్రోకరుకి చెప్పకుండా. ఎదురింటి వాళ్ళని నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయి అని అడిగితే గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు. ముందు మెట్లు, గేటు కింది భాగం, వెనక గోడ ఉత్తరం మూల, ఈ మూడు ఫొటోలు తీసి పెట్టండి, నీళ్ళ పరీక్ష కాగితం వచ్చాక అదీ పెట్టండి. అవి చూసి బేరం ఎంత దాకా లాగొచ్చో చెబుతాను.